అ కన్నా ముందు సున్న: పలక పట్టేలోపు చేతికి ఇంట్లో నేర్పే పనులు

అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకుని దిద్దిస్తారు. బాసర గుళ్ళో చేయించినా, ఇంట్లో దేవుడి ముందు చేయించినా పద్ధతి ఒకటే. పెద్ద పళ్ళెం, పెద్ద గీత, వేలికి తగిలే గింజల గరుకు, వెనక ఊతంగా పెద్దవాళ్ళ చెయ్యి. మూడేళ్ళ చేతికి ఇంతకన్నా సరైన మొదటి పాఠం వెతికినా దొరకదు. చిక్కంతా మర్నాడు మొదలవుతుంది. బియ్యం డబ్బాలోకి వెళ్ళిపోతాయి. గీతల పుస్తకం, సన్నటి పెన్సిలు బయటికొస్తాయి. పేజీ నిండా ‘అ’ దిద్దమంటారు. పట్టుమని పది రోజులు కాకుండానే పిల్ల ఆ పుస్తకం చూడగానే దాహమంటుంది, ఒంటేలంటుంది, చెయ్యి నొప్పంటుంది. మిగతావి సాకులైతే కావచ్చు, చెయ్యి నొప్పి మాత్రం నిజం.

ఇంకోవైపు ఫోను తెరిస్తే పిల్లలతో చేయించే చేతిపనులు వందలు. రంగు కాగితాలు, మెరుపు పొడి, ఐస్‌క్రీమ్ పుల్లలు. ముప్పాతిక పని పెద్దవాళ్ళే చేస్తారు, పిల్ల చివర్న బొమ్మకి కళ్ళు అతికిస్తుంది, ఫొటో బాగా వస్తుంది. చదువు ఒక గట్టున, చేతిపని ఇంకో గట్టున ఉండిపోవడం వల్ల రెండూ చెడుతున్నాయి. ఆరేళ్ళలోపు పిల్లలకు చేతిపనే రాతకి పునాది. ఏ పని చేతిలో ఏ శక్తిని తయారు చేస్తుందో తెలిస్తే వంద అక్కర్లేదు, ఏడెనిమిది చాలు. వాటికి కావాల్సిన సామాను ముప్పాతిక మువ్వీసం వంటింట్లోనే ఉంటుంది.

ఎక్స్‌రే బొమ్మ చెప్పేది సగమే

రెండు చేతుల ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టిన బొమ్మ ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటుంది. ఒకటి చిన్న పిల్లలది, మణికట్టు దగ్గర అంతా ఖాళీ. రెండోది బడి వయసు పిల్లలది, ఎముకలన్నీ కనిపిస్తాయి. ‘ఎముకలే లేని చేతితో ఎలా రాయిస్తారు’ అని కింద రాసి ఉంటుంది. బొమ్మ నిజమే. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలు పుట్టేనాటికి మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. ఆడపిల్లల్లో కాస్త ముందు, మగపిల్లల్లో కాస్త వెనక. చిట్టచివరి ఎముక ఎక్స్‌రేలో కనిపించేసరికి తొమ్మిది, పదేళ్ళు దాటతాయి.

కానీ దీన్నుంచి తీసే అర్థం తప్పు. మృదులాస్థితో కూడా చెయ్యి చక్కగా పనిచేస్తుంది. లేకపోతే రెండేళ్ళ పిల్ల లడ్డూ పట్టుకోలేదు. ఎముక గట్టిపడకపోవడం రాతకి అసలు అడ్డంకి కాదు. అడ్డంకులు వేరే ఉన్నాయి. భుజం, మోచెయ్యి నిలకడగా నిలవవు కాబట్టి పిల్ల చెయ్యంతా కదిపి రాస్తుంది. మణికట్టు లోపలికి వంగిపోతుంది కాబట్టి వేళ్ళకు బలం అందదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మిగతా రెండిటి నుంచి విడిగా పనిచేయడం ఇంకా రాదు. ఒక చెయ్యి రాస్తుంటే రెండోది కాగితాన్ని ఆపాలన్న సంగతి దానికి తెలియదు. నాలుగూ నాలుగు వేరే పనులతో తయారవుతాయి. ‘అ’ వందసార్లు దిద్దిస్తే ఏ ఒక్కటీ తయారు కాదు. తయారు కాని చేతితో రాయడానికి పిల్ల కనిపెట్టుకున్న వంకర పట్టు మాత్రం స్థిరపడిపోతుంది.

కన్ను కూడా ఒక వరుసలోనే ఎదుగుతుంది. పిల్లలు చూసి గీయగలిగే గీతల క్రమం ఏ భాష వాళ్ళకైనా దాదాపు ఒకటే. రెండేళ్ళ ప్రాంతంలో నిలువు గీత, తర్వాత అడ్డగీత, మూడేళ్ళకు గుండ్రం, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, నాలుగున్నరకు చతురస్రం, అయిదు దాటాక త్రిభుజం. నెలలు అటూ ఇటూ అవుతాయి గానీ వరుస పెద్దగా తప్పదు. ఏటవాలు గీత అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. కూడిక గుర్తు రాసే పిల్ల గుణకారం గుర్తు రాయలేకపోవడం అందుకే.

దీన్ని తెలుగు లిపి పక్కన పెట్టి చూడండి. మన అక్షరాల్లో నిటారు గీతలు దాదాపు లేవు, అన్నీ గుండ్రాలూ మెలికలే. అది మంచి వార్త, ఎందుకంటే గుండ్రం మూడేళ్ళకే వస్తుంది. కానీ గుండ్రం మీద తలకట్టు కూర్చుంటుంది, అది ఏటవాలు గీత. పైగా మనం మొదలుపెట్టేది ‘అ’తో. ఎడమన గుండ్రం, నడుమ గీత, కుడివైపు మెలిక, దారి మధ్యలో చెయ్యి తిప్పు మార్చుకోవాలి. ‘ఋ’ సంగతి చెప్పనే అక్కర్లేదు. వర్ణమాల అద్భుతమైన అమరికే. క కంఠంలో మొదలై చ, ట, త మీదుగా ప దగ్గర పెదవులకు చేరుతుంది. అంటే అది నోటి వరుస. నోటితో వల్లించడానికి పుట్టిన వరుసని చేతికి పెడుతున్నాం. చేతి వరుస సున్నతో మొదలవుతుంది.

ముందు భుజం, ముందు గోడ

రెండున్నర, మూడేళ్ళ పిల్లకి ఇవ్వాల్సిన మొదటి రాత సామగ్రి ఒక మగ్గు నీళ్ళు, అంగుళం వెడల్పు పెయింటు బ్రష్షు. సిమెంటు గోడో, గేటో, డాబా మీది పిట్టగోడో చూపించి రంగు వేయమనండి. తడి పడ్డచోట గోడ నల్లబడుతుంది, ఎండకి ఆరిపోతుంది, మళ్ళీ వేయొచ్చు. ఖర్చు లేదు, తుడిచే పని లేదు. నిటారుగా ఉన్నదాని మీద గీసేటప్పుడు మణికట్టు దానంతట అదే వెనక్కి వంగుతుంది. పెన్సిలు పట్టుకి కావాల్సిన భంగిమ సరిగ్గా అదే. బల్ల మీద కాగితం పెట్టి రాయిస్తే పెద్దవాళ్ళు పదిసార్లు చెయ్యి సరిచేయాలి. గోడ ఒక్క మాట చెప్పకుండా సరిచేస్తుంది. అపార్టుమెంటులో గోడ దొరక్కపోతే పాత క్యాలెండరు షీటు తిరగేసి తలుపుకి, పిల్ల కళ్ళ ఎత్తున అంటించండి. భుజం కన్నా కింద అంటిస్తే ఫలితం పోతుంది. చలి దేశాల్లో ఉన్నవాళ్ళకి స్నానాల గది టైల్సు ఇదే పనికొస్తాయి.

పిండి ముద్ద

బజారులో దొరికే రంగు రంగుల బంకమట్టి డబ్బా కన్నా ఇంట్లో ఉడికించిన పిండి మేలు, ఎందుకంటే గట్టితనం మన చేతిలో ఉంటుంది. ఒక కప్పు మైదా, అర కప్పు మెత్తటి ఉప్పు, ఒక కప్పు నీళ్ళు, ఒక పెద్ద చెంచా నూనె, ఒక పెద్ద చెంచా నిమ్మరసం. అన్నీ చల్లగా ఉండగానే ఉండలు లేకుండా కలిపి, తర్వాత మందపాటి గిన్నెలో సన్న సెగ మీద పెట్టి తిప్పుతూ ఉండాలి. మూడు నాలుగు నిమిషాల్లో ముద్ద కట్టి గిన్నె అంచులు వదిలేస్తుంది. దింపి, గోరువెచ్చగా అయ్యాక అయిదు నిమిషాలు మర్దన చేయండి. రంగు కావాలంటే నీళ్ళలోనే చిటికెడు పసుపో, రెండు చెంచాల బీట్‌రూట్ రసమో. పసుపు గోళ్ళకీ బట్టలకీ పట్టుకుంటుందని ముందే తెలుసుకుని వేయండి.

చేతికి అంటుకుంటోందంటే పిండి ఉడకలేదని అర్థం. చాలామంది పొడి మైదా చల్లుతారు, దానితో సాయంత్రానికి పగుళ్ళు వస్తాయి. మళ్ళీ ఒక్క నిమిషం సెగ మీద పెట్టడమే మందు. పగుళ్ళు వచ్చినదానికి రెండు చుక్కల నూనె, తడి చెయ్యి. వానాకాలంలో డబ్బాలో నీరు ఊరుతుంది. ఉప్పు గాలిలో తేమని లాగడం వల్ల వచ్చే తంటా అది, పాడైపోలేదు, కాస్త పొడిపిండిలో దొర్లిస్తే సరిపోతుంది. మూత గట్టి డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వస్తుంది. నల్లమచ్చ కనిపిస్తే మాత్రం పారేయాల్సిందే. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ. ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసైతే ఇది వద్దు, చపాతీ పిండిలోంచి నిమ్మకాయంత తీసి ఇవ్వండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వొద్దు.

ఇక ఈ పిండితో ఏనుగులూ గులాబీలూ చేసి చూపించకండి. పెద్దవాళ్ళు చేసిన ఏనుగు చూశాక పిల్ల తన ముద్దని నలిపేసి ‘నువ్వే చెయ్యి’ అంటుంది. చేతికి కావాల్సినవి నాలుగు కదలికలు. అరచేతుల మధ్య గోలీ చేయడం, పీట మీద పాములా దొర్లించడం, బొటనవేలితో నొక్కి ప్రమిద చేయడం, వేళ్ళ కొసలతో అంచు నొక్కడం. నాలుగోదానికి కజ్జికాయని మించిన పాఠం లేదు. పూరీలా ఒత్తిన పిండిని సగానికి మడిచి, అంచు పొడవునా కొద్దికొద్దిగా నొక్కుకుంటూ పోవాలి. నాలుగేళ్ళ పిల్ల అయిదు కజ్జికాయల అంచు నొక్కితే పెన్సిలు పట్టే కండరాలకి ఆ పూట కసరత్తు పూర్తయినట్టే. తర్వాత్తర్వాత ఆ పాముని జానెడు పొడవు దొర్లించి, రెండు కొసలూ కలిపితే సున్న. మొదటి అక్షరం అలా పుడుతుంది, పెన్సిలు లేకుండా.

చిటికెడు పిండి, మూడు వేళ్ళు

ముగ్గు పెట్టే చేతిని ఒకసారి దగ్గర్నుంచి గమనించండి. బొటనవేలు, చూపుడువేలు కలిసి చిటికెడు పిండి తీసుకుంటాయి, మధ్యవేలు కింద ఊతంగా ఉంటుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుంటాయి. చెయ్యి ముందుకు సాగుతుంటే బొటనవేలు చూపుడువేలి మీద సన్నగా రుద్దుకుంటూ పిండిని జారవిడుస్తుంది. గట్టిగా పట్టుకుంటే పిండి రాలదు, వదిలేస్తే కుప్ప పడుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న ఆ బిగువే పెన్సిలు పట్టు. అయిదారేళ్ళకి రావాలని బడులు ఎదురుచూసే మూడువేళ్ళ పట్టుకి తాలీము మన వాకిట్లోనే ఉంది. అపార్టుమెంట్ల గుమ్మాల్లో ముగ్గు స్టిక్కరు అంటించడం మొదలయ్యాక పోయింది ఒక్క అందమే కాదు.

పిల్లకి బియ్యప్పిండి ఇవ్వండి. ముగ్గురాయి పిండి మెత్తటి రాతి దుమ్ము, కింద కూర్చుని మొహం దగ్గరగా పెట్టుకుని పోసే పిల్లకి మంచిది కాదు. బజారు రంగులూ అంతే. మరీ మెత్తటి పిండి చెమట వేళ్ళకి అంటి ముద్ద కడుతుంది కాబట్టి మూడు చెంచాల పిండికి ఒక చెంచా బొంబాయి రవ్వ కలిపితే చక్కగా జారుతుంది. మొదటి వారం, మీరు సుద్దముక్కతో గీసిన గీత మీద పోయించండి. రెండో వారం చుక్కలు. మూడు చుక్కలు మూడు వరుసలు, చుక్కకీ చుక్కకీ బెత్తెడు దూరం. చుక్కల్ని నిటారు గీతలతో కలపడం వచ్చాక మెలికలకి రండి. ఒక్క చుక్క చుట్టూ తిరిగితే సున్న. రెండు చుక్కల చుట్టూ మెలిక తిప్పితే ఎనిమిది అంకె. ఆ ఎనిమిదిలో నడుమ గీత దాటేచోట చెయ్యి తిప్పు మార్చుకుంటుంది. ‘అ’ రాసేటప్పుడు పిల్ల తడబడే చోటు కూడా అలాంటిదే. గీత వంకర పోయిందని మీరు దిద్దకండి. పొద్దున్నే చీమలు తినేస్తాయి, రేపు మళ్ళీ కొత్త వాకిలి.

ముగ్గు కుదరని ఇళ్ళలో వంటింటి పనులు ఇదే పని చేస్తాయి. పచ్చి బఠాణీలు ఒలవడం, చిక్కుడుకాయ ఈనె లాగడం, కరివేపాకు దూయడం, వెల్లుల్లి పొట్టు తీయడం. బట్టల క్లిప్పులు కూడా మంచివే, కానీ అట్టముక్కకి ఊరికే పెట్టించి తీయించడం పిల్లకి విసుగు. తన జేబురుమాళ్ళు, మేజోళ్ళు తనే ఆరేసుకునేలా చేతికి అందే ఎత్తున ఒక తాడు కట్టండి. క్లిప్పు బిగుతుగా ఉంటే పిల్ల రెండు చేతులా నొక్కుతుంది, అప్పుడు ప్రయోజనం లేదు. ఒంటిచేత్తో తెరుచుకునేవి ఏరి పెట్టండి.

ఇంకు ఫిల్లరు కూడా వేళ్ళకి మంచి వ్యాయామం, దానికో తమాషా జోడించవచ్చు. పావు గ్లాసు నీళ్ళలో ఒక చెంచా పసుపు కలిపి తెల్లకాగితానికి పూసి నీడన ఆరబెట్టండి. బట్టల సబ్బు అరగదీసిన నీళ్ళని ఫిల్లరుతో చుక్కలు చుక్కలుగా వేయిస్తే పసుపు కాగితం మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి. వాటి మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఇందుకే: క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది, పులుపు తగిలితే వెనక్కొస్తుంది. గిన్నెలు తోమే ద్రవంతో ప్రయత్నించి ఎరుపు రాలేదనేవాళ్ళుంటారు. వాటిలో చాలావాటికి క్షారగుణం తక్కువ. సున్నంతో మాత్రం పిల్లల చేత చేయించకూడదు, కంట్లో పడితే ప్రమాదం.

రెండో చెయ్యి సంగతి

కత్తెర పని అంటే కత్తెర పట్టిన చేతి పని అనుకుంటాం. కాగితం పట్టిన చెయ్యి ఇంకా కష్టపడుతుంది. కాగితాన్ని కత్తెరకి ఎదురు అందిస్తూ, మూల వచ్చినచోట తిప్పుతూ ఉండాలి. రాసేటప్పుడు పుస్తకాన్ని ఆపి, జరిపే చెయ్యి అదే. అందుకే కత్తెరకన్నా ముందు చించడం. పాత పత్రికని నిలువునా పీలికలుగా చించమనండి. పత్రిక కాగితం ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చించితే వంకరపోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు పీచులన్నీ ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకోవడం వల్ల అలా జరుగుతుంది. తిన్నగా చిరిగే దిక్కేదో పిల్లనే కనుక్కోమనండి.

మూడున్నర దాటాక మొండి మొనల కత్తెర. మొదటి కాగితం పత్రికది కాకూడదు, అది మెత్తన, కత్తెర బ్లేడ్ల మధ్య మడతపడుతుంది. పాత శుభలేఖలు, క్యాలెండరు షీట్లు బావుంటాయి. రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు మీరు కోసి ఇస్తే, పిల్ల అడ్డంగా ఒక్కొక్క కోతతో ముక్క రాల్చాలి. ఒక్క కోతకి ఒక్క ముక్క, అదే ఆనందం. రెండు వారాలు ముక్కలే. తర్వాత పది సెంటీమీటర్ల లావు గీత వెంట, ఆ తర్వాత వంపు గీత వెంట, చతురస్రం చివర్న. కత్తెర ఉంగరంలో బొటనవేలు ఎప్పుడూ పైకి ఉండాలి. మోచెయ్యి రెక్కలా పక్కకి లేస్తోందంటే బొటనవేలు కిందికి తిరిగిందని గుర్తు. పిల్ల బొటనగోరు మీద ఒక బొట్టు బిళ్ళ అంటించి ‘బొట్టు ఆకాశాన్ని చూడాలి’ అని చెప్పండి, ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది. కాగితం తెగకుండా మడతపడుతుంటే తప్పు పిల్లది కాకపోవచ్చు. కత్తెర నడుమ మర వదులైపోయి ఉంటుంది, బిగించి చూడండి.

ఎడమచేతి వాటం పిల్లకి మామూలు కత్తెర ఇస్తే పై బ్లేడు గీతని కప్పేస్తుంది, బ్లేడ్లు ఎడమచేతి ఒత్తిడికి విడిపోతాయి. అలాంటి పిల్లలకి ఎడమచేతి కత్తెరలు విడిగా దొరుకుతాయి. వాటం మార్చాలని చూడొద్దు. ఏడాదిన్నర లోపే ఒక చేతిని మాత్రమే వాడుతూ రెండోదాన్ని అసలు కదపకపోతే మాత్రం, అది వాటం అనుకుని ఊరుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి.

దండ గుచ్చడం కూడా రెండు చేతుల పనే. సూది అక్కర్లేదు. ఊలు దారం కొసని కరిగిన మైనంలో మీరు ముంచి ఆరబెడితే అంగుళం మేర గట్టిపడుతుంది. బంతిపూల తొడిమలు తీసిన రెక్కల గుత్తులు, రెండు అంగుళాల ముక్కలుగా కోసిన స్ట్రాలు, రంధ్రం పెద్దగా ఉన్న చెక్కపూసలు సరిపోతాయి. రెండో కొసకి ఒక పూస ముడివేయడం మరిచిపోతే, అయిదు నిమిషాల కష్టం ఒక్కసారిగా జారిపోయి పిల్ల ఏడుస్తుంది.

జిగురుకి ఫెవికాల్ కన్నా మైదా గంజి నయం. రెండు చెంచాల మైదాని అర గ్లాసు చల్లటి నీళ్ళలో కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ తెల్లదనం పోయి అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. వేలితో రాయొచ్చు, నోట్లో పడినా భయం లేదు, ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. గోడపత్రికలు అంటించేవాళ్ళు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, ఇంట్లో ఆ పని చేయొద్దు. అంటించిన కాగితం ముడతలు పడితే జిగురు ఎక్కువైందని అర్థం. తడిసిన వైపు కాగితం ఉబ్బుతుంది, పొడి వైపు ఉబ్బదు, అందుకే చుట్టుకుంటుంది. పక్కనే ఒక తడిగుడ్డ ఉంచండి. వేలికి జిగట తగిలితే ఓర్చుకోలేని పిల్లలు చాలామంది ఉంటారు. తుడుచుకునే వీలుంటే మళ్ళీ వేలు పెడతారు, లేకపోతే పనే వదిలేస్తారు.

గింజలు, పూసల దగ్గర

లెక్కలకి చింతపిక్కలంత చవకైన సాధనం లేదు. గుడ్లు పెట్టే అట్టలోంచి రెండు వరుసలు కత్తిరిస్తే వామనగుంటల పీట తయారు. అసలు పీటకి వరుసకి ఏడు గుంటలు. మూడున్నరేళ్ళ పిల్లకి వరుసకి రెండు గుంటలు, గుంటకి మూడు గింజలు చాలు. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వదులుతూ పోవడమే ఇందులో పాఠం. వంద వరకు గడగడా చెప్పే పిల్ల కూడా ఆరు గింజల్ని లెక్కపెట్టమంటే వేలు ఒకచోట, అంకె ఒకచోట పోతుంది. ఒక గింజకి ఒక అంకె అన్న జత కుదరడం వల్లింపుతో రాదు, గింజ వదిలితేనే వస్తుంది.

కానీ గింజలతోనే అసలు ప్రమాదం. మూడేళ్ళు నిండని పిల్లకి సుమారు మూడు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టేంత చిన్న వస్తువేదీ ఆటకి ఇవ్వకూడదు. చింతపిక్క, పూస, బొత్తాం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మూడు దాటాక కూడా పక్కన మనిషి ఉండాలి, లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. శనగలు, బఠాణీలు ముక్కులో, చెవిలో దూర్చుకుంటే తడికి ఉబ్బి బిగుసుకుంటాయి. ఇంట్లో పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతాయి, డాక్టరే తీయాలి. గురివింద గింజలు ఎంత ముద్దొచ్చినా పిల్లల సామానులో వద్దు. నమిలితే ప్రాణం మీదికి తెచ్చే విషం వాటిలో ఉంది. వెలుగుతూ పాడే బొమ్మల్లోని గుండీ బ్యాటరీ మింగితే గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది, అనుమానం వచ్చినా చాలు, ఆస్పత్రికి పరుగెత్తాలి.

రవ్వ పళ్ళెం, రాని తలకట్టు

నాలుగు, నాలుగున్నర ప్రాంతంలో పిల్ల సున్నని రెండు కొసలూ కలిపి మూసేయగలిగితే అక్షరాలకి రావొచ్చు. అక్షరాభ్యాసం పళ్ళెం మళ్ళీ తీయండి. ఈసారి బియ్యం కాదు, గింజ దొర్లి గీత పూడిపోతుంది. ముదురు రంగు ట్రేలో పావు కిలో బొంబాయి రవ్వ పరిచి, అర సెంటీమీటరు మందానికి మించకుండా చదును చేయండి. ఎక్కువ పోస్తే అడుగు రంగు కనిపించక గీత తేలదు. చూపుడువేలితో జానెడు అక్షరం. తప్పు పోతే ట్రే ఊపితే చెరిగిపోతుంది, రబ్బరు మరక ఉండదు, ఎర్ర ఇంకు గుర్తు ఉండదు.

వరుస ఆకారాన్ని బట్టి పెట్టుకోండి. సున్న వచ్చాక ర, ర లోపల చుక్క పెడితే ఠ. ద వచ్చాక ధ, థ. ప వచ్చాక ఫ, ష. వ వచ్చాక మ. తలకట్టు చివరిది. అయిదేళ్ళ ప్రాంతంలో ఏటవాలు గీత వచ్చేదాకా పిల్ల తలకట్టుని అడ్డగీతలాగో, చుక్కలాగో పెడుతుంది. పెట్టనివ్వండి. సున్న ఒకటి పెట్టి పైన అడ్డంగా గీసి ‘ర’ అని చూపించే పిల్ల తప్పు రాయలేదు, తన వయసుకి రాసింది.

గరుకు అక్షరాలు కూడా తయారు చేసుకోవచ్చు. 1907లో రోములో మరియా మాంటిస్సోరి తెరిచిన పిల్లల బడి నుంచి ప్రపంచమంతా పాకిన సాధనం ఇది. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకి స్వయంగా శిక్షణ ఇచ్చింది కూడా. పాత శుభలేఖ అట్ట మీద చిటికెన వేలు మందాన ఫెవికాల్‌తో అక్షరం రాసి, కడిగి ఆరబెట్టిన సన్న ఇసుక చల్లి, ఒక రోజంతా ఆరనిచ్చి దులపండి. రవ్వ చల్లితే నెలలో పురుగు పడుతుంది. ఉప్పు కాగితం కత్తిరించి అంటించేవాళ్ళు వెనకవైపు అక్షరం గీస్తే, అద్దంలో లాగా తిరగేసి గీయాలి. లేకపోతే పది అక్షరాలు కోశాక గాని తప్పు తెలియదు.

చేతి సంగతి అలా సాగుతుండగా, చెవి ఆగక్కర్లేదు. రాయడం ఆలస్యమైతే చదవడమూ ఆలస్యమవుతుందన్న బెంగ అనవసరం, రెండూ వేరే దారులు. ‘పడవ’ అని చప్పట్లు కొట్టించండి: ప, డ, వ. మూడు చప్పట్లు, మూడు అక్షరాలు. ‘అమ్మ’కి రెండు చప్పట్లు, రాతలోనూ అ, మ్మ రెండే. ఇంగ్లీషులో ‘క్యాట్’కి ఒక్క చప్పట్టే, అక్షరాలు మూడు. తెలుగు పిల్లకి ఉన్న ఈ సౌకర్యం ఇంగ్లీషు మీడియం హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. విదేశాల్లో తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకి కూడా చప్పట్లే తేలికైన మొదటి మెట్టు. పడవ అన్నాక కాగితం పడవ చేయకుండా ఊరుకోలేం. నాలుగేళ్ళ పిల్లకి అంచుకి అంచు కలిపి ఒక్క మడత వస్తే చాలు, మడత మీద చెంచా వెనకభాగంతో రుద్దించండి, మిగతా మడతలు మీవి. కత్తిపడవ ఏడేళ్ళ పని.

పెన్సిలు ఎప్పుడు

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా చూసింది, ఒకటో తరగతికి ఆరేళ్ళ వయసు పెట్టింది. కాగితం మీద సమయం ఉంది. వీధి చివరి నర్సరీ ఎల్‌కేజీకే రెండు పేజీల హోంవర్కు ఇస్తుందన్నది వేరే బాధ. అలాంటప్పుడు టీచరుతో మాట్లాడి సగానికి తగ్గించమని అడగడం, మిగతా సగాన్ని పలక మీద చేయించడం ఒక దారి. పలక మీద బలపం గరగరలాడుతుంది, ఎటు పోతోందో వేలికి తెలుస్తుంది. తెల్లబోర్డు మీద మార్కరు జారిపోతుంది, చేతికి ఏ కబురూ అందదు. బలపం తినే పిల్లలుంటారు. తిట్టి లాభం లేదు, రక్తం తక్కువగా ఉందేమో పరీక్ష చేయించాలి.

రాత సామానులో అందరూ చేసే పొరపాటు పొడుగు. పిల్ల చెయ్యి చిన్నది కదా అని సన్నటి కొత్త పెన్సిలు ఇస్తాం. పొడుగు పెన్సిలు ఉంటే పిడికిలితో పట్టుకునే వీలుంటుంది. క్రేయాన్‌ని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరిచి ఇవ్వండి. అంత చిన్న ముక్కని పిడికిట్లో పెట్టుకుని గీయడం కుదరదు, మూడు వేళ్ళు తప్ప నాలుగో వేలికి చోటు ఉండదు. కొత్త డబ్బా క్రేయాన్లు విరవడానికి పెద్దవాళ్ళకి మనసొప్పదు గాని, పిల్ల సంబరంగా విరుస్తుంది. గీతలు లేని కాగితం, తలుపుకి అంటించి, రోజుకి పది నిమిషాలు. మొదట సున్నలు: పెద్దవీ చిన్నవీ, ఒకదానిలో ఒకటి, గొలుసులా కలిసినవి. ఆ గొలుసు ఒకనాడు సగంలో తెగి, పైన ఒక వంకర గీత వచ్చి, పిల్ల దాన్ని చూపించి ‘ర’ అంటుంది.